‘పాషండుడు’ మొదటినుంచీ తిట్టేనా?

ప్రశ్న:
మా తాతగారు తద్దినాలు మానేసినవారినీ, గుడి గడప తొక్కనివారినీ ‘పాషండులు’ అని ఈసడించేవారు. అశోకుడు మాత్రం ‘అన్ని పాషండాలనూ’ గౌరవిస్తానని రాయించుకున్నట్లు ఈమధ్య చదివాను. ఈ మాట అసలు అర్థం ఏమిటో, ఎక్కడ పుట్టిందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
మా గురువుగారు చెప్పిన వ్యుత్పత్తి ప్రకారం ‘పా’ అంటే లోకాన్ని పాలించే వేదధర్మం. దానిని ఖండించేవాడు పాఖండుడు, వాడే పాషండుడు. మనుస్మృతి 4వ అధ్యాయం 30వ శ్లోకం ఇటువంటివారిని మాటతోనైనా ఆదరించవద్దంటుంది. 9వ అధ్యాయం జూదరులతో పాటు వీరినీ పురం నుంచి వెళ్లగొట్టమంటుంది.

జవాబు 2:
గురువుగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ వ్యుత్పత్తి మాట తిట్టుగా స్థిరపడ్డాక దానికి తగినట్లు అల్లినదిగా కనిపిస్తుంది. క్రీ.పూ. 3వ శతాబ్దిలో, అశోకుడి శాసనాలలో, ‘పాసండ’ అంటే ఒక మార్గాన్ని అనుసరించే సమూహం, అంతే. అందులో నింద లేదు. 12వ శిలాశాసనంలో ఆయన, తన పాషండాన్ని పొగుడుకుంటూ ఎదుటివారి పాషండాన్ని అకారణంగా నిందించవద్దనీ, నోటిని అదుపులో పెట్టుకోవాలనీ అంటాడు. అంటే ఆ లెక్కలో ఎవరి పాషండం వారికి ఉన్నట్లే. కాందహార్‌లో దొరికిన గ్రీకు అనువాదంలో ఈ మాటకు బదులు తత్త్వవేత్తల సంప్రదాయాలకు వాడే ‘దియాత్రిబే’ కనిపిస్తుంది. కళింగ రాజు ఖారవేలుడు కూడా హాథీగుంఫా శాసనంలో తాను సర్వ పాషండాలనూ పూజించేవాడినని చెప్పుకున్నాడు. అంత దూరం ఎందుకు, మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదనే అశోకుడి 14 శిలాశాసనాలూ ఉన్నాయి.

జవాబు 3:
పై వివరణతో ఏకీభవిస్తూ ఒక్క మాట చేరుస్తాను. పాషండుడిని నాస్తికుడితో కలిపివేయకూడదు. పాణిని సూత్రం 4.4.60 ప్రకారం నాస్తికుడు ‘లేదు’ అనే మతి గలవాడు. ఆ లేనిది పరలోకమని వ్యాఖ్యాతలు చెప్పారు. మనువు వేదాన్ని నిందించేవాడిని నాస్తికుడన్నాడు. పాషండుడికి మాత్రం దేవుడు లేడనే పట్టింపు అవసరం లేదు; బౌద్ధ జైనులతో పాటు, శివుణ్ణి కొలిచే కాపాలికులకు కూడా ఆ పేరు తప్పలేదు. తాతగారు తద్దినం మానినవారిని అలా అన్నారంటే, మాటను సరిగానే వాడారు: ఆయన కోపం నమ్మకం మీద కాదు, ఆచారం మీద. గోరా గారు విజయవాడలో ‘నాస్తిక కేంద్రం’ అని ధైర్యంగా బోర్డు పెట్టారు గాని, ‘పాషండ కేంద్రం’ అన్న బోర్డు నాకెక్కడా కనిపించలేదు.