బాల్టిక్ దేశాల గ్రిడ్: పోలండ్ లైనే ఎందుకు?

ప్రశ్న: ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా 2025 ఫిబ్రవరి 8న రష్యా, బెలారుస్ గ్రిడ్ నుంచి విడిపోయి, మర్నాడు యూరప్‌తో కలిశాయి కదా. ఫిన్లండ్, స్వీడన్‌లకు సముద్రం అడుగున కేబుళ్లు అప్పటికే ఉన్నాయి. అవి చాలవా?

జవాబు 1: చాలవండీ. ఎస్ట్‌లింక్ (ఫిన్లండ్ కేబుళ్లు), నార్డ్‌బాల్ట్ (స్వీడన్ కేబుల్) రెండూ డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు. కరెంటు వస్తుంది కానీ ఫ్రీక్వెన్సీ, అంటే ఏసీ (దిశ మారుతూ పారే కరెంటు) సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లయ, కలవదు. 50 హెర్ట్జ్ నిలబెట్టే పని మాస్కో నుంచే జరిగేది. ఏసీ జోడింపుకి దారి పోలండ్ ఒక్కటే. అక్కడికి వెళ్లే లిట్‌పోల్ లైను కూడా మొదట లిథువేనియాలోని ఆలీటుస్‌లో 500 మెగావాట్ల కన్వర్టర్ (ఏసీని డీసీగా, మళ్లీ ఏసీగా మార్చే యంత్రం) గుండా, అంటే డీసీగానే నడిచింది.

మన విశాఖ గాజువాకలోని ఇలాంటి కన్వర్టర్ స్టేషన్ గుర్తుందా? 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైను పడేదాకా దక్షిణాది గ్రిడ్‌దీ ఇదే తంతు: మిగతా దేశంతో డీసీ జోడింపే.

జవాబు 2: అసలు చిక్కు ఇనర్షియా, అంటే తిరిగే యంత్రాల జడత్వం. పెద్ద జనరేటరు ట్రిప్పయితే ఫ్రీక్వెన్సీ దబ్బున పడిపోతుంది. తిరిగే బరువు ఉంటే ఆ పతనం నెమ్మదిస్తుంది. 2009 ఆఖర్న ఇగ్నాలినా అణుకేంద్రం మూతపడ్డాక లిథువేనియాలో అలాంటి బరువు బాగా తగ్గింది. అందుకే సింక్రనస్ కండెన్సర్లు పెట్టారు. ఇంధనం కాల్చకుండా ఊరికే తిరిగే యంత్రాలు. నా దృష్టిలో ఈ కథలో అసలు హీరోలు అవే.

ప్రశ్న వేసినవారు: అంటే పోలండ్ లైను తెగితే మళ్లీ ఒంటరేనా?

జవాబు 2: అవును, ఒంటరి ద్వీపమే. విడిపోయాక దాదాపు ఒక రోజు అలా సొంతంగా నడిపి చూసింది అందుకే.