యూరప్‌లో పై మాట ఎవరిది: యూరోపియన్ యూనియన్‌దా, సభ్యదేశ రాజ్యాంగానిదా?

కావలి నుంచి:
గ్రూప్-1కి చదువుతున్నాను. సభ్యదేశాల చట్టం కంటే ఉమ్మడి చట్టమే పైదని 1964లో కోస్టా కేసులో యూరప్ ఉమ్మడి కోర్టు తేల్చింది. మరి 2020 మే 5న జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఆ కోర్టు తీర్పు మాకు చెల్లదని ఎలా అంది? రెండు రోజులుగా ఈ ఒక్క పేజీ దగ్గరే ఆగిపోయాను, టెన్షన్‌గా ఉంది.

నెల్లూరు, రిటైర్డ్ లెక్చరర్:
ఎవరు పైన అని చూస్తే తెమలదమ్మా. అధికారం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడు. ఒకే మార్కెట్ కావాలంటే అన్నిచోట్లా ఒకే రూలు నడవాలంటుంది ఉమ్మడి కోర్టు. మా ప్రజలు రాజ్యాంగం ద్వారా కొన్ని అధికారాలే అప్పగించారు, ఆ గట్టు దాటారో లేదో మేమే చూసుకుంటామంటుంది జర్మనీ. ఇది నిన్నమొన్నటి మాట కాదు. మీ దగ్గర ప్రాథమిక హక్కులకు సరైన రక్షణ లేనంతకాలం మేం పరిశీలిస్తామని 1974లో అంది. ఆ రక్షణ వచ్చిందని 1986లో తగ్గింది. యూనియన్‌ను ఏర్పరచిన మాస్ట్రిక్ట్ ఒప్పందం మీద 1993లో, దాన్ని సవరించిన లిస్బన్ ఒప్పందం మీద 2009లో ఇచ్చిన తీర్పుల్లో మళ్లీ హద్దులు గీసింది.

2020 గొడవ యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు ప్రభుత్వ బాండ్లు కొనడం గురించి. ఆ పని అవసరానికి మించిందా లేదా అన్నది ఉమ్మడి కోర్టు సరిగా తూచలేదని జర్మన్ జడ్జీల అభ్యంతరం. తర్వాత ఆ కొనుగోళ్లు అవసరానికి మించలేదని బ్యాంకు కాగితాలు చూపించింది, జర్మన్ పార్లమెంటు సరేనంది. తీర్పు కటువుగా ఉన్నా, ఆ ప్రశ్న అడగాల్సిందేనని నేను గట్టిగా నమ్ముతాను. తమ రాజ్యాంగమే పైదంటూ 2021 అక్టోబరులో పోలండ్ రాజ్యాంగ కోర్టు ఇచ్చిన తీర్పును మాత్రం దీనితో సమానంగా చూడొద్దు. అక్కడ జడ్జీల స్వతంత్రతే ప్రమాదంలో పడింది.

కొత్తపట్నం, రొయ్యల రైతు:
సార్, ఆ యూనియన్‌లో మనకు ఓటు లేదు. అయినా యాంటీబయాటిక్ ఆనవాలు దొరికిందంటే మా సరుకు వెనక్కి. పోయినేడు మాకు అట్లాగే నష్టమొచ్చింది. మన సార్వభౌమత్వం ఏమైనట్టు?

నెల్లూరు, రిటైర్డ్ లెక్చరర్:
నీ నష్టం నిజం నాయనా. అయితే అది వాళ్ల మార్కెట్‌లో అమ్మడానికి వాళ్లు పెట్టిన షరతు. మన కోర్టుల్లో అది చట్టం కాదు. జర్మనీ తన అధికారంలో కొంత యూనియన్‌కు అప్పగించింది, మనం అప్పగించలేదు. ఇక్కడ విదేశీ ఒప్పందం దానంతటదే చట్టం కాదు, మన రాజ్యాంగం 253వ అధికరణం కింద పార్లమెంటు చట్టం చేసుకోవాలి.

కావలి నుంచి:
చాలా థాంక్స్ సార్. ఇంకొక్కటి. చేపల పెంపకం రాష్ట్రాలు చట్టం చేసే అంశాల జాబితాలో, అంటే రాష్ట్ర జాబితాలో ఉంది కదా. 253 కింద పార్లమెంటు దాని మీద కూడా చట్టం చేయొచ్చా?

నెల్లూరు, రిటైర్డ్ లెక్చరర్:
చేయొచ్చమ్మా, రాష్ట్రాల అనుమతి అక్కర్లేకుండానే. ముందుగా రాష్ట్రాలను అడగాలన్న నియమం ఉండి తీరాలని క్లాసులో ఎన్నోసార్లు వాదించాను, ఇప్పటికీ అదే అంటాను.