రెండో తరగతి పిల్లలకు రాత, అచ్చు కథ ఎలా చెప్పాలి? ఛార్టు చాలా, ఘంటం చేతికివ్వాలా?

పలకాబలపం:
మా ప్రాథమిక బడిలో 2, 3 తరగతులకు రాత, అచ్చు ఎలా పుట్టాయో చెప్పడానికి ఒక వారం పెట్టుకున్నాం. ఎలా చెప్పాలన్న దగ్గరే టీచర్లం రెండుగా చీలిపోయాం. మట్టి పలకలు, పపైరస్ (రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం), గూటెన్‌బర్గ్ అచ్చు యంత్రం బొమ్మలు ఛార్టు మీద వరసగా అంటించి, సంవత్సరాలు చెప్పిస్తే చాలని కొందరి మాట. నేను ససేమిరా ఒప్పుకోను. ఏడేళ్ల పిల్లకి గూటెన్‌బర్గ్ బైబిల్ అచ్చైన 1455 అంటే ఎంత వెనకో ఏం తెలుస్తుంది? చేత్తో చేసిందైతే మర్చిపోదు.

నేను అనుకుంటున్న వరస ఇది: ముందు ఇసుకలో వేలితో, తర్వాత కడితం మీద బలపంతో, ఆపైన తాటాకు, చివర అచ్చు. ఇది నా సొంత కల్పన కాదు. 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ మద్రాసు ప్రభుత్వానికి రాసిన నివేదికలో అప్పటి వీధిబడుల తీరు ఉంది. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాళ్లు. తర్వాత ఆకు మీద ఇనుప ఘంటంతోనో, కాగితం మీద కలంతోనో రాసేవాళ్లు. కడితం అంటే గుడ్డకి గంజి, బొగ్గుపొడి పట్టించి పుస్తకంలా మడతలు పెట్టింది. బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచేసి మళ్లీ రాసుకోవచ్చు. పాత పంచె ముక్క, అన్నం గంజి, పొయ్యిలో బొగ్గు ఉంటే రెండో తరగతి పిల్లలే చేసుకోగలరు. మీరేమంటారు?

ఇద్దరుపిల్లలనాన్న:
మేడమ్, మీ తపన అర్థమైంది. కానీ మా వాడు మూడో తరగతి, ఇంకా ఒత్తులున్న మాట దగ్గర ఆగిపోతాడు. వాడి క్లాసులో సగం మంది అంతే. ఆ వారం రోజులు పొద్దున్నా సాయంత్రం చదివిస్తే ఎంత మేలు! పైగా ఘంటం అంటే ఇనుప మొన. ముప్పై మంది పిల్లలున్న గదిలో అది ఎవరి కంట్లో గుచ్చుకుంటుందో ఎవరు చూస్తారు? ఛార్టే నయం.

తాళపత్రం:
ఓరియంటల్ లైబ్రరీలో తాటాకు ప్రతులతోనే నా ఉద్యోగం. ఇద్దరుపిల్లలనాన్న గారు మొన గురించి అన్నది నిజమే. దానికంటే పెద్ద ఇబ్బంది ఆకు. చెట్టు మీంచి కోసుకొచ్చిన ఆకు మీద రాస్తే గీత నిలవదు, ఆరాక ముడుచుకుపోతుంది. లేత ఆకుల్ని ఎండబెట్టి, నీళ్లలో ఉడికించి, మళ్లీ ఆరబెట్టి, నున్నగా రుద్ది, ఒకే కొలతకు కోసి, చిల్లు పొడిచి దారం ఎక్కించాలి. అప్పుడే అది రాయడానికి పనికొచ్చే ఆకు. ఘంటంతో గీసినప్పుడు అక్షరం సరిగ్గా కనిపించదు. నూనెలో కలిపిన దీపపు మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి పంక్తులు పైకి తేలతాయి. నా ఉద్దేశంలో పిల్లలు చూడాల్సింది ఈ ఒక్క క్షణమే. గీయడం టీచరు చెయ్యండి, మసి పిల్లల చేత పూయించండి. మొన భయం తీరిపోతుంది.

ఇంకో మాట. తాటాకు చిరక్కుండా ఉండాలనే తెలుగు అక్షరాలు గుండ్రంగా అయ్యాయని బళ్లలో ఖాయంగా చెప్పేస్తుంటారు. తమిళులూ శతాబ్దాల తరబడి తాటాకు మీద ఘంటంతోనే రాశారు, ట, ప లాంటి వాళ్ల అక్షరాల్లో నిట్టనిలువు, అడ్డ గీతలు అలాగే ఉన్నాయి. ఆకు ప్రభావం ఉండొచ్చు గానీ అదొక్కటే కారణమని పిల్లలకు నూరిపోయకండి.

సీసపక్షరం:
మా నాన్నగారు గుంటూరులో కంపోజిటరు, అంటే ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చేవారు. అచ్చు పాఠం గురించి నాలుగు మాటలు చెప్పాలి.

ముందుగా, దయచేసి పాత సీసం టైపులు తెచ్చి పిల్లల చేతికి ఇవ్వకండి. వాటిలో ఉండేది సీసం, అంటిమొని, తగరం. చిన్నపిల్లలు వేళ్లు నోట్లో పెట్టుకుంటారు. గాజు మూతున్న పెట్టెలో పెట్టి చూపించండి చాలు.

రెండోది, అచ్చును కనిపెట్టింది గూటెన్‌బర్గ్ అని ఛార్టులో రాస్తే తప్పు. చైనాలో చెక్క దిమ్మెతో అచ్చువేసిన వజ్రసూత్రం అనే బౌద్ధ గ్రంథం 868 నాటిది. విడి అక్షరాలను మట్టితో చేసి కాల్చి వాడినవాడు బి షెంగ్, 1040ల్లో. కొరియాలో లోహపు అక్షరాలతో 1377లోనే పుస్తకం వచ్చింది. జర్మనీలోని మైంజ్‌లో గూటెన్‌బర్గ్ గొప్పతనం, ఒకే మూసలో సీసపు అక్షరాలను వందలకొద్దీ పోతపోసి, ప్రెస్సు కింద నొక్కి, మళ్లీ విడదీసి వాడుకునే ఏర్పాటంతా కుదర్చడం. ఇక తెలుగు అచ్చు మొదట వెలిసింది తెలుగునేల మీద కాదు, జర్మనీలోని హాలేలో, 1746 ప్రాంతంలో, షుల్జ్ అనే పాద్రీ పుణ్యమా అని. పిల్లలకు ఇది చెబితే ఎంత ఆశ్చర్యపోతారో!

అచ్చు అక్షరాలు పెట్టుకునే గళ్లపెట్టెను కేసు అంటారు. ఇంగ్లీషుకు సరిపోయే గళ్లు మన లిపికి చాలవు. గుణింతాలకు, ఒత్తులకు కలిపి వందల గళ్లు. నాన్నగారు కేసు వైపు చూడకుండానే క్రావడి ఎక్కడుందో తీసి స్టిక్కులో (చేత్తో పట్టుకుని అక్షరాలు పేర్చే పట్టీ) పేర్చేవారు, అదీ తిరగేసిన అక్షరాలను. కుడి ఎడమైన అక్షరం కాగితం మీద సరిగ్గా పడటం, అచ్చు కిటుకంతా అదే. అది పిల్లలు తమ చేత్తో చెయ్యాల్సిందే.

ఒకటోక్లాసుటీచర్:
అక్కడే నాకు అభ్యంతరం. ఆరేళ్లప్పుడు పిల్లలు అసలే కొన్ని అక్షరాలు తిరగేసి రాస్తారు. ఈ వయసులో తిరగేసిన అక్షరాలు చూపించి మళ్లీ సరిదిద్దాలంటే మాకు తలప్రాణం తోకకొస్తుంది. మూడో తరగతి దాకా ఆగండి.

సీసపక్షరం:
ఒప్పుకుంటాను మేడమ్. ఒకటి, రెండు తరగతులకు అక్షరమే అక్కర్లేదు. బెండకాయ అడ్డంగా కోసి రంగులో ముంచితే పువ్వు పడుతుంది. బంగాళదుంప మీద చేప బొమ్మ చెక్కిస్తే చేప తల కుడివైపు నుంచి ఎడమవైపుకు మారిపోతుంది. అక్కణ్ణుంచి పెడన కలంకారీ దిమ్మెలు చూపించండి, టేకు చెక్క మీద చెక్కినవి. అక్షరాలు మూడో తరగతిలో.

పలకాబలపం:
బాగుంది. అయితే 2కి ఇసుక, కడితం, బెండకాయ. 3కి తాటాకు మీద నేను గీస్తాను, మసి వాళ్లు పూస్తారు. తర్వాత తమ పేరులో మొదటి అక్షరం దుంప మీద తిరగేసి చెక్కించడం. చాకు నా దగ్గరే ఉంటుంది, వాళ్లు పెన్సిలుతో గీసిస్తే నేనే కోస్తాను. నాన్నగారూ, మీ చదువు మాట కొట్టిపారెయ్యడం లేదు. ఇసుకలో దిద్దేది, కడితం మీద రాసేది ఆ ఒత్తులే. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలు పట్టి దిద్దించాం కదా, అదే పని మళ్లీ బడిలో. వారం పోయినట్టు కాదు.

ఇద్దరుపిల్లలనాన్న:
ఒత్తులు దిద్దిస్తామంటే ఇసుక, కడితం వరకు నాకు ఇబ్బంది లేదు. పాత పంచె నేనే పంపిస్తాను. ఘంటం మాత్రం ఐదో తరగతి దాకా పిల్లల చేతికి వద్దు, ఆ మాట మీదే ఉన్నాను.

తాళపత్రం:
గంజి పల్చగా ఉంటే బొగ్గుపొడి రాలిపోతుంది మేడమ్. చిక్కగా కాచి, ఒక పూత ఆరాక ఇంకో పూత వెయ్యండి. ముతక బొగ్గు కాదు, మెత్తగా నూరి గుడ్డలో వస్త్రగాళితం పట్టింది కావాలి.