ఆడియోబుక్ రికార్డింగ్‌కి ముందు స్క్రిప్ట్ ఎలా సిద్ధం చేసుకోవాలి?

కొత్తగొంతు:
280 పేజీల నవల చదవాలి. చేతిలో ఉన్నవి పాత పేజ్‌మేకర్ ఫైలు, అచ్చు పుస్తకం పీడీఎఫ్. సంభాషణలు ఎక్కువ, మధ్యలో పద్యాలు, అక్కడక్కడా ఫుట్‌నోట్లు. పీడీఎఫ్ చూస్తూ చదివితే ప్రతి పేజీలో తడబడుతున్నాను. ముందుగా స్క్రిప్ట్ మీద ఏం పని చేయాలి? ఎన్ని గంటల ఆడియో వస్తుందో ఎలా లెక్కేస్తారు?

ప్రూఫులపెట్టె:
ముందు పాఠం సంగతి తేల్చండి. పేజ్‌మేకర్ ఫైలంటే చాలామటుకు అను ఫాంట్లే, అంటే యూనికోడ్ కాని పాత డీటీపీ అక్షరాలు. యూనికోడ్‌లోకి మారుస్తుంటే వత్తులు ఎగిరిపోతాయి, లేదా పక్క అక్షరానికి అతుక్కుంటాయి. పీడీఎఫ్‌ని ఓసీఆర్ చేస్తే, అంటే పేజీ బొమ్మలోంచి అక్షరాల్ని సాఫ్ట్‌వేర్‌తో గుర్తింపజేస్తే, మరో బెడద: ద, ధ, థ ఒకదాని బదులు ఒకటి వస్తాయి, ప కాస్తా ఫ అవుతుంది. పైగా మన అచ్చులో పంక్తి చివర మాటని హైఫన్ లేకుండానే విరుస్తారు కదా, "చెప్పలే కపోయాడు" లాంటివి అడుగడుగునా తగులుతాయి. అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని మొత్తం సరిచూడాల్సిందే. దగ్గరదారి లేదు.

తర్వాత పేజీ అమరిక. 16 పాయింట్ అక్షరం, పంక్తుల మధ్య ఒకటిన్నర ఖాళీ, కుడివైపు 5 సెం.మీ. మార్జిన్. జస్టిఫై చేయొద్దు, అంటే పంక్తుల్ని రెండు అంచులకీ సమంగా సాగదీయొద్దు, మాటల మధ్య ఖాళీలు సాగి కన్ను జారుతుంది. వాక్యం ఒక పేజీలో మొదలై ఇంకో పేజీలో ముగియకూడదు. పేజీ తిప్పే చోట గొంతు తెలియకుండానే దిగిపోతుంది, వాక్యం అక్కడే అయిపోయినట్టు వినిపిస్తుంది. ట్యాబ్లెట్ మీద చదివినా అంతే.

అంకెలన్నీ అక్షరాల్లో రాసేయండి.

రెండోటేక్:
అన్నీ అక్కర్లేదండీ, తికమక పెట్టేవి చాలు. "3–4 రోజులు" అంటే మూడు నాలుగు రోజులు, "5–10 తేదీలు" అంటే ఐదు నుంచి పది. గీత ఒకటే, చదివే తీరు వేరు. అలాంటివీ, డా., కి.మీ. లాంటి పొట్టి రూపాలూ విప్పి రాసుకోండి.

అసలు చిక్కు సంభాషణల్లో ఉంది. "నువ్వు రాకు" అని గొణిగాడు. ఇక్కడ గొణగాలని తెలిసేసరికి మాట నోరు దాటిపోయి ఉంటుంది. అందుకే ఎవరు, ఎలా అన్నది మాట మొదలయ్యే చోటే మార్జిన్‌లో రాయాలి. ప్రశ్నలూ అంతే. "వెళ్తున్నావా" చిన్నది కాబట్టి కనిపిస్తుంది. "అయితే రేపు పొద్దున్నే వాళ్ళందరితో కలిసి వెళ్తున్నావు?" లాంటి వాక్యానికి ముందే ఒక ? పెట్టుకోండి.

నవల మొత్తం చదివాకే పాత్రల పట్టిక రాయండి: వయసు, యాస, గొంతు గురించి రచయిత ఎక్కడ ఏమన్నాడో. "బొంగురు గొంతు" అన్న ముక్క పన్నెండో అధ్యాయంలో తేలితే, ముందు పదకొండూ మళ్ళీ చదవాలి. ఒక్కో పాత్రకి 20 సెకన్ల నమూనా దాచుకుంటే మధ్యలో విరామం వచ్చినా అదే గొంతు దొరుకుతుంది.

గుర్తులు తక్కువగా: చిన్న విరామానికి /, పెద్దదానికి //, నొక్కి పలకాల్సిన మాట కింద గీత, అదీ వాక్యానికి ఒక్కటే.

పద్యాన్ని రెండుసార్లు రాసుకోండి, ఒకసారి అచ్చులో ఉన్నట్టు, ఒకసారి పదాలు విడదీసి. ఉత్పలమాల లాంటి వృత్తాల్లో మాట తరచూ తర్వాతి పాదంలోకి దూకుతుంది, పాదం చివర ఆగితే తెగిపోతుంది.

కొత్తగొంతు:
చాలా థాంక్సండీ. ఫుట్‌నోట్లు వదిలేయొచ్చా?

ప్రూఫులపెట్టె:
మీ అంతట మీరు వద్దు. పేజీ సంఖ్య, ఉన్న పాఠం, మీరు చదవబోయేది, ఇలా మూడు గడుల పట్టిక చేసి హక్కుదారుకి పంపి, ఒప్పుకున్నాకే మార్చండి. "కింది పటంలో చూపినట్టు" లాంటివీ అందులో చేర్చండి, వినేవాళ్ళకి ఏ పటమూ కనపడదు. ఫుట్‌నోట్ ఉంచమంటే, వాక్యం పూర్తయ్యాక చదవండి, మధ్యలో దూర్చొద్దు.

నిడివికి గంటకి 9,300 మాటలన్న ఇంగ్లీషు లెక్క మనకి పనికిరాదు, తెలుగు మాటలు పొడవు. వర్ణన, సంభాషణ కలిసిన 1,000 మాటలు మామూలు వేగంతో చదివి, మొత్తం మాటల్ని వెయ్యితో భాగించి ఆ సమయంతో హెచ్చించండి. ఏసీఎక్స్‌లో (ఆడిబుల్‌కి ఆడియోబుక్‌లు పంపే వేదిక) ఒక్కో ఫైలు 120 నిమిషాలు దాటకూడదు. ఏ అధ్యాయమైనా దాటేలా ఉంటే ఎక్కడ విరవాలో స్క్రిప్ట్‌లోనే గుర్తు పెట్టుకోండి. మొదట్లో, చివర్లో చెప్పే పుస్తకం పేరు, రచయిత పేరు, చదివినవారి పేరు కూడా రాసి ఉంచుకోండి.