అపార్టుమెంటులో సద్దుల బతుకమ్మ: స్టేజీ, డీజే అవసరమా?

అడిగినవారు: కొత్త కార్యదర్శి

హైదరాబాద్‌లో మా అపార్టుమెంటులో 120 ఇళ్లున్నాయి. ఈసారి సద్దుల బతుకమ్మ, అంటే బతుకమ్మ పండుగ చివరి రోజు ఏర్పాట్లు నాకు అప్పగించారు. నేను పుట్టి పెరిగింది విజయవాడలో. బతుకమ్మను దూరం నుంచి చూడటమే తప్ప ఎప్పుడూ పేర్చలేదు. కమిటీలో స్టేజీ, డీజే, ఉత్తమ బతుకమ్మకు బహుమతి అని పట్టుబడుతున్నారు. మాలో సగం మందికి పాటలు రావు. చెరువు దగ్గరే ఉంది గానీ పెద్ద రోడ్డు దాటాలి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

జవాబు: పాత కమిటీ సభ్యుడు

ముందు పోలీస్ స్టేషన్‌లో మైకు అనుమతికి అర్జీ ఇవ్వండి. అవే రోజుల్లో దుర్గమ్మ మండపాల వాళ్లూ అక్కడే ఉంటారు, ఆలస్యం చేయకండి. శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచీ ఉన్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. డీజే వద్దనడానికి ఈ ఒక్క కాగితం చాలు, మీరు ఎవరితోనూ గొడవపడనక్కరలేదు.

జవాబు: వరంగల్ ఆడపడుచు

చూడమ్మా, సాయంత్రం సంగతి తర్వాత. అసలు పండుగ ఉదయమే. ఎవరింట్లో వాళ్లు తలుపులేసుకుని పేర్చుకుంటే సాయంత్రానికి 120 ఇళ్లు 120 ఇళ్లుగానే దిగుతాయి. సెల్లార్‌లో చాపలు పరిపించి పూలన్నీ ఒకచోట కుప్పపోయించండి. చేతకానివాళ్లు చేతనైనవాళ్ల పక్కన కూర్చుంటారు. గునుగు పూల కాడలు సమానంగా కత్తిరించే పని ఎవరికైనా ఇవ్వవచ్చు, మగవాళ్లకు కూడా.

గునుగు ముందురోజే రావాలి. తెల్లని కొసలను రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టాలి కదా. తంగేడు తొందరగా వాడిపోతుంది, తడిబట్ట కప్పి నీడలో ఉంచండి. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, పూల తలలు బయటికి, కాడలు లోపలికి వచ్చేలా వరుసలు పేర్చాలి. ఒక్కో వరుసకూ నడుమ ఆకులూ, కత్తిరించిన కాడ ముక్కలూ కూరాలి. ఆ కూరడంలో పిసినారితనం చేస్తే చెరువు దాకా వెళ్లేలోపే బతుకమ్మ పక్కకు ఒరుగుతుంది. పైన పసుపుతో చేసిన గౌరమ్మను పెట్టాలి. పెద్ద బతుకమ్మ పక్కన చిన్నది ఒకటి పిల్లల చేత పేర్పించండి. థర్మాకోల్ మాత్రం గేటు దాటి లోపలికి రానివ్వకండి.

ఇక స్టేజీ. 2014లో రాష్ట్ర పండుగ చేసినప్పుడు నేనూ సంతోషించాను గానీ, స్టేజీ వేస్తే కుర్చీలు వేస్తారు, కుర్చీలు వేస్తే ఆడవాళ్లు కూర్చుంటారు. బతుకమ్మ కూర్చుని చూసేది కాదమ్మా. నడుమ బతుకమ్మలు పెట్టి చుట్టూ తిరగాలి. పాట రాదని బెంగపడకండి. ఒకరు చరణం అందుకుంటే మిగతావాళ్లు చివర ‘ఉయ్యాలో’ అంటే చాలు, రెండో పాటకల్లా అందరికీ అడుగు కుదురుతుంది. గొంతున్న పెద్దావిడలు ఇద్దరిని ఇప్పుడే వెతికి పెట్టుకోండి. ఒకరు అలసిపోతే ఇంకొకరు అందుకుంటారు. మైకు ఆ ఇద్దరి చేతిలోనే ఉండాలి.

ఇంకొక మాట. భర్త పోయినవారిని పిలవాలా వద్దా అని ఎవరైనా గుసగుసలాడితే, మీరే వెళ్లి చేయి పట్టుకుని తీసుకురండి. మా వీధిలో పాటలన్నీ నేర్పింది అలాంటి పెద్దమ్మే.

జవాబు: బి బ్లాకు కోడలు

అక్కా, అన్నీ ఒప్పుకుంటాను గానీ బహుమతి మీద మరీ అంత కోపం ఎందుకు? మా దగ్గర బహుమతి పెట్టాకే కాలేజీ పిల్లలు కిందికి దిగారు.

జవాబు: వరంగల్ ఆడపడుచు

నేను బహుమతి మాటే ఎత్తలేదు, నువ్వే నా కోపం కనిపెట్టావు! పిల్లలకు ఇస్తే ఇవ్వండి, పేర్చిన ప్రతి పిల్లకూ ఇవ్వండి. పెద్దవాళ్లకు ఇస్తే మాత్రం మరుసటి ఏడాది బతుకమ్మ ఎత్తు పెరుగుతుంది, పలకరింపులు తగ్గుతాయి.

అడిగినవారు: కొత్త కార్యదర్శి

స్టేజీ రద్దు చేయించాను, డీజే మీద ఇంకా బేరం నడుస్తోంది. నిమజ్జనం, ప్రసాదం గురించి కూడా చెప్పండి.

జవాబు: వరంగల్ ఆడపడుచు

పూర్తిగా చీకటి పడకముందే బయలుదేరండి. రోడ్డు దగ్గర ఆ కాసేపు వాహనాలు ఆపమని పోలీసులకిచ్చే అర్జీలోనే రాయండి. మోకాళ్ల నొప్పులున్నవారికీ పెద్ద బతుకమ్మలకూ ఒక ఆటో పెట్టండి. నీళ్ల దగ్గర ఈత వచ్చినవాళ్లు ఇద్దరు నిలబడాలి, బతుకమ్మలను వాళ్లే అందుకుని నీట్లో వదలాలి. పట్టుచీరతో పాచిమెట్లు దిగనివ్వకండి. తాంబాళాల అడుగున ఇంటి నంబరు రాయించండి, లేకపోతే మర్నాడంతా మీ ఫోను మోగుతూనే ఉంటుంది.

ప్రసాదానికి వంటవాళ్లను పెట్టకండి. పెరుగు సద్ది (పెరుగన్నం), పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది ఎవరికి వీలైంది వాళ్లు చేసి తెస్తారు. మలీద (రొట్టె, బెల్లం కలిపి చేసే తీపి ముద్దలు) చేసేవాళ్లు దొరికితే వదలకండి. గట్టు మీదే గౌరమ్మ పసుపు పంచుకుని, వాయినాలు ఇచ్చిపుచ్చుకుని, అక్కడే తినేయండి. చేతులు కడుక్కోవడానికి రెండు బిందెల నీళ్లు ఆటోలో వేసుకెళ్లండి, చెరువు నీళ్లు పనికిరావు.