బోరు నీళ్లలో డైక్లోరోమీథేన్ ఉందో లేదో ఎలా తేల్చాలి?

అందరికీ నమస్కారం. మాది సంగారెడ్డి జిల్లా. మా పొలానికి ఎగువన ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ ఉంది. కొన్నాళ్లుగా మోటారు వేయగానే వచ్చే నీళ్లకు తియ్యటి మత్తు వాసన వస్తోంది. బకెట్లో పట్టి ఎండలో పెడితే సాయంత్రానికి వాసనే ఉండదు. అక్కడ పనిచేసే కుర్రాడు ఎం.డి.సి., అంటే డైక్లోరోమీథేన్ అనే ద్రావకం, డ్రమ్ముల కొద్దీ వాడతారన్నాడు.

ఇది 40 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి చెరువులో పడితే చాలావరకు గాల్లోకి పోతుంది, చేపల ఒంట్లో పెద్దగా పేరుకోదు. అంతవరకు సరే. నా టెన్షనల్లా భూమి లోపలి సంగతి. నీటికంటే 1.3 రెట్లు బరువు కదా, ఇంకితే రాతి పగుళ్లలోకి దిగి కూర్చుంటుంది, అక్కడ గాలి తగలదు. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితి లీటరుకు 20 మైక్రోగ్రాములు. ముక్కుకు తెలిసేంత ఉంటే అది ఎప్పుడో దాటేసినట్టే.

మండలంలోని ల్యాబ్‌లో టీడీఎస్, ఫ్లోరైడ్ తప్ప ఏమీ చూడరు. ఒక ప్రైవేటు ల్యాబ్ వాళ్లు ప్లాస్టిక్ సీసాలో తెమ్మన్నారు. దారిలోనే ఆవిరైపోదా? చిన్న గాజు సీసాలో బుడగ లేకుండా నింపి ఐసులో పెట్టాలని నేను చదివాను. హైదరాబాద్‌లో జీసీ-ఎంఎస్ (రసాయనాలను విడదీసి గుర్తుపట్టే యంత్రం) మీద ఇది చేసేవాళ్లెవరు, ఖర్చెంత? కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల చేతే శాంపిల్ తీయించాలంటే ఫిర్యాదు ఎలా రాయాలి? బర్రెలు ఈ నీళ్లే తాగుతున్నాయి, పాలు పోయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి. మేమైతే తాగడం మానేశాం.