రాజాం, పాలకొండ వైపు ఎడ్లకు నాడాలు కొట్టేవారు కావాలి

మాది సంతకవిటి మండలం, నాగావళి పక్క పల్లె. ఎడ్లబండి మీద ఇసుక తోలుతాం. మా నాన్న కాలం నుంచి ఎడ్ల గిట్టలకు నాడాలు (ఇనుప రేకులు) కొట్టిన తాత సంక్రాంతి తర్వాత కొడుకు దగ్గరికి విశాఖ వెళ్లిపోయారు. వెళ్లేముందు మా చుట్టుపక్కల ఎడ్లన్నిటికీ కొత్త నాడాలు వేసి మరీ వెళ్లారు, అంత మంచి మనిషి. తారు రోడ్డు మీద అవి అరిగిపోయాయి.

ఇప్పుడు వెలపటి (బండికి కుడివైపు కట్టే) ఎద్దుకు ముందు కుడికాలి బయటి గిట్ట రేకు ఊడిపోయింది. మట్టిలో బాగానే నడుస్తుంది, కంకర మీదికి రాగానే కాలు ఎత్తేస్తోంది. గిట్ట అంచు పెచ్చులు లేస్తోంది. వాపు, చీము లేవు.

వెల్డింగ్ షాపులో రేకు చేయించాం, కొలత సరిపోయింది. మేకులు కొట్టడానికి మాత్రం షాపాయన ఒప్పుకోలేదు. అదీ నిజమే, మేకు ఏటవాలుగా గిట్ట గోడలోంచి బయటికి రావాలి. లోపలి మెత్తని భాగంలో దిగితే నెత్తురొచ్చి ఎద్దు పూర్తిగా కుంటిదవుతుంది. పశువుల డాక్టరు గారు చూసి గాయం లేదు, నాడా వేయించమన్నారు. మానాపురం సంతలో అడిగాం, ఎవరూ దొరకలేదు. తాతకు ఫోన్ చేస్తే తన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు లేరని చాలా బాధపడ్డారు.

రాజాం, చీపురుపల్లి, పాలకొండ చుట్టుపక్కల ఎద్దును పడేసి నాడాలు కొట్టడం బాగా తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏ ఊరైనా ట్రాలీ ఆటోలో ఎక్కించి తీసుకొస్తాం.